అగ్గివేళ రాజు లేడు

గంధవతీ నగరానికి వచ్చే బాటసారికి ముందు కనిపించేది కోట కాదు, సర్వకాయుడు. సింహద్వారం పక్కన, బురుజులను మించిన ఎత్తుతో, గాదెలంత పిడికిళ్లతో నిలబడిన మట్టి మనిషి వాడు. వాడి వెనక పడమటి కొండల మీద చందన వనాలు, ఆ వనాలను తడుముకుంటూ వచ్చే చల్లగాలి, ఆ గాలికి రెపరెపలాడే పచ్చని పతాకాలు, కోటగోడల మీద రతనాలు తాపిన నెమళ్లు, అన్నీ చూడదగ్గవే. కాని సర్వకాయుడి మీద పడిన చూపు మళ్లీ వాటి మీదికి పోదు. ఎందుకంటే వాడి ఒంటికి చర్మం లేదు. ఛాతీ, భుజాలు, పొట్ట, తొడలు, అన్నీ బొటనవేలి ముద్ర పడిన మట్టిముద్దలే. ఒక్కో ముద్ద ఆ ఊరి మనిషి ఒకడిది. మొహం మాత్రం ప్రతాపకుంజర మహారాజుది. మీసం కూడా అచ్చు ఆయనదే, ఏటా పండక్కి దాన్ని నల్లరంగుతో దిద్దుతారు.

తాతల నాడు పులుల భయానికీ దొంగల భయానికీ ఊరివాళ్లే చేసుకున్న కాపలా బొమ్మ అది. మీసం మొలిచిన మగపిల్లవాడూ పెద్దమనిషైన ఆడపిల్లా తమ పెరట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి, ముద్దచేసి, వేలితో నొక్కి దానికి అంటించేవారు. దీన్ని ముద్దమొక్కు అంటారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ బొమ్మకు ప్రాణం పోసి, రాజు మొహం పెట్టి, ఎవరి కాపలా బొమ్మను వారి నెత్తికే ఎక్కించినవాడు మాంత్రికుడు వక్రజిహ్వుడు. ఇప్పుడు సర్వకాయుడు చెయ్యెత్తితే ముద్ద పెట్టిన ప్రతివాడి చెయ్యీ లేస్తుంది. వాడు చేతులు జోడిస్తే ఊరంతా జోడిస్తుంది. వాడు కాలెత్తినప్పుడు మాత్రం ఎవరి కాలూ లేవదు, ఉన్నచోటే పాతుకుపోతుంది. రాజు నోరు కదిపితే చాలు, పని జరిగిపోతుంది. ఇంత సుఖమైన పరిపాలన ముల్లోకాల్లో లేదని ఆస్థాన పండితులు పద్యాలు చెప్పి శాలువాలు కప్పించుకుంటున్నారు.

ఒక్కడు మాత్రం పద్యం చెప్పలేదు. ఆయన ధర్మాధికారి వసునందుడు. కొత్త బురుజు నిలవాలంటే నరబలి కావాలని వక్రజిహ్వుడు చెప్పగా, బఠాణీలు వేయించి అమ్ముకునే బయ్యమ్మ అవ్వ కొడుకు చెంచయ్యను బతికుండగానే గోడలో పెట్టి కట్టించారు. నిండు సభలో వసునందుడు లేచి, “ఇది హత్య. రాజు చేసినా హత్యే,” అన్నాడు. ఆ రోజే ఆయన కాళ్లకూ చేతులకూ సంకెళ్లు పడ్డాయి. ఈ రోజు మిట్టమధ్యాహ్నం సర్వకాయుడి పాదం కింద ఆయన్ను తొక్కించబోతున్నారు. రాజు మాటే ధర్మమని జనం ముందు ఒక్కసారి అంటే ప్రాణభిక్ష, లేకపోతే అంతే.

వసునందుడి కూతురు కురంగికి తల్లి లేదు. ఉన్నది ఆ తండ్రీ, సింహద్వారం ముందరి మైదానానికి ఎదురుగా తాటాకు కప్పు వేసిన ఇల్లూ. ఆ ఇంటి అటక మీద మూడోవాడొకడు దాక్కుని ఉన్నాడు. వాడు సాగరమేఖల రాజ్యపు యువరాజు మకరాంకుడు. ఇలాంటి మట్టి మనిషినే తన తండ్రికీ చేసిపెడతానని వక్రజిహ్వుడు కబురంపగా, ఆ బొమ్మ గుట్టేమిటో చూసిపోదామని పాములవాడి వేషంలో వచ్చాడు. బుట్టలో పైన తాచుపాము, కింద కత్తి. పైదాన్ని చూశాక కిందిదాన్ని వెతికే భటుడు ఇంతవరకూ పుట్టలేదు.

తెల్లవారుతూనే మకరాంకుడు అటక దిగి కత్తి తీశాడు.

“కురంగీ! మధ్యాహ్నం దాకా ఎందుకు? ఇప్పుడే వెళ్లి ఆ మట్టిముద్ద మోకాలు నరికేస్తాను. నేను ముద్ద పెట్టినవాణ్ణి కాను. నన్ను వాడు ఆడించలేడు.”

“ఆడించలేడు సరే రాకుమారా, కొట్టలేడని ఎవరు చెప్పారు?” అంది కురంగి.

రాజకుమారులకు కత్తి చేతికొచ్చాక మాట చెవికెక్కదు. మకరాంకుడు మైదానం దాటి ఒక్క పరుగున వెళ్లి సర్వకాయుడి మోకాలి మీద వేటు వేశాడు. మట్టి పెళ్లలు రాలాయి. రాలిన పెళ్లలు వెంటనే పాకుతూ వెళ్లి మళ్లీ అతుక్కున్నాయి. సర్వకాయుడు తల వంచి, దోమను తోలినట్టు కుడిచేత్తో ఒక్క విసురు విసిరాడు. యువరాజు గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి సంతవీధిలో మిరపకాయల రాశిలో పడ్డాడు.

అసలు తమాషా అప్పుడు జరిగింది. సర్వకాయుడు చెయ్యి విసిరేసరికి ఊళ్లో ప్రతివాడి కుడిచెయ్యీ అలాగే విసురుకుంది. గడ్డం గీస్తున్న మంగలి చేతిలో సేనాపతిగారి మీసం సగం పోయింది. ఒక ఇంట్లో అత్త కోడలి చెంప వాయించింది, పక్కింట్లో కోడలే అత్తను వాయించి, తప్పు నాది కాదు మహారాజుది అని చాలా ఇష్టంగా చెప్పుకుంది. విసిరిన చెయ్యిని సర్వకాయుడు కాసేపు అలాగే చాచి ఉంచాడు. ఊరంతా చాచిన చేతులతో కొయ్యబారి నిలబడింది. యువరాజు వెంట పరుగెత్తుకొచ్చిన కురంగి కూడా మిరపకాయల రాశికి నాలుగడుగుల దూరంలో, చెయ్యి చాచి, కదల్లేక నిలబడింది.

ఎదురుగా బయ్యమ్మ అవ్వ మంగలంలో బఠాణీలు వేయిస్తూ కూర్చుని ఉంది. ఆవిడ చెయ్యి విసురుకుని పొయ్యి నిప్పుల మీదికి పోయింది. మరుక్షణం, “అమ్మో!” అంటూ ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది. వీధిలో అన్ని చేతులూ చాచే ఉన్నాయి. బయ్యమ్మ చెయ్యి ఒక్కటే ఆవిడ నోట్లోకి వెళ్లి చల్లబడుతోంది.

సర్వకాయుడు చెయ్యి దించాక కురంగి అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

“అవ్వా, వాడు చెయ్యి చాచి ఉండగా నీ చెయ్యి వెనక్కి ఎలా తీశావు?”

“నేనెక్కడ తీశానే తల్లీ? అదే వచ్చింది. కాలితే చెయ్యి ఎవర్ని అడుగుద్ది, రాజునడుగుద్దా?” అంది అవ్వ, కాలిన వేళ్లు ఊదుకుంటూ.

కురంగి అవ్వను పట్టుకుని రెండు చెంపలూ ముద్దుపెట్టుకుంది. తర్వాత భటులు తేరుకోకముందే మిరపకాయల్లోంచి కళ్లు నులుముకుంటూ తుమ్ముతున్న యువరాజును చెయ్యి పట్టి లేవదీసి ఇంటికి లాక్కుపోయింది.

“రాకుమారా, మీరు మా ఇల్లు తగలబెట్టాలి,” అంది.

మకరాంకుడికి తుమ్ము సగంలో ఆగిపోయింది. “నన్ను దాచినందుకా?”

“వినండి. ఈ ఊళ్లో పెంకుటిల్లు రాజుకు తప్ప ఎవరికీ లేదు. అన్నీ తాటాకు కప్పులే, చూరుకు చూరు తగులుతూ ఉంటాయి. ఒక కప్పు అంటుకుంటే ఊరంతా అంటుకున్నట్టే. అందుకే కత్తులన్నీ లాక్కున్న రాజు కూడా దోటీలు మాత్రం లాక్కోలేదు. ప్రతి చూరుకూ ఒక దోటి వేలాడుతూనే ఉంటుంది, కొక్కెం వేసి కప్పు లాగడానికి. అగ్గి తప్పెట మోగిందంటే ఎవరైనా ఎవరి ఇంట్లోకైనా జొరబడవచ్చు, ఎవరి తాళమైనా పగలగొట్టవచ్చు, ఎవరి కప్పయినా లాగి పడేయవచ్చు. అడిగేవాడు లేడు, శిక్షించేవాడు లేడు. అగ్గివేళ రాజు లేడని సామెత. కట్టేసిన గొడ్డునూ కట్టేసిన మనిషినీ అందరికంటే ముందు విప్పాలి. ఇది ఎవరూ పెట్టిన చట్టం కాదు. ఎవరూ ముద్దచేసి ఇచ్చింది కాదు. ఇవ్వాలన్నా ఇవ్వలేరు. కాలితే బయ్యమ్మ చెయ్యి రాజు మాట వినకపోవడం చూశాను కదా!”

మకరాంకుడు ఆలోచించాడు. “అయితే ఏదైనా పాత పాకకు నిప్పు పెడదాం. నీ ఇల్లెందుకు?”

“ఇంకొకరి పాకకు నిప్పు పెట్టే అధికారం నాకెక్కడిది? అలా పెడితే నాకూ వక్రజిహ్వుడికీ తేడా ఏముంది? ఇది మాది. నాన్నగారు తిరిగొస్తే ఆయనకు నేను జవాబు చెప్పుకుంటాను.”

ఆ మాట అంటూ ఆమె గోడలకేసి చూసింది. తల్లి పెట్టిన ముగ్గు చాయలు గడప మీద ఇంకా ఉన్నాయి. కురంగికి ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుంది, పక్క ఇళ్ల చూర్లకు నీళ్లు చల్లి రావడానికి బిందె ఎత్తుకుంది.

మిట్టమధ్యాహ్నానికి మైదానం నిండిపోయింది. సర్వకాయుడి ఎడమ భుజం మీద బంగారు అంబారీలో ప్రతాపకుంజర మహారాజు కూర్చున్నాడు. వజ్రాల కిరీటం, పగడాల భుజకీర్తులు, ముత్యాల హారాలు, ఎండకు అవన్నీ మెరుస్తుంటే ఆ మెరుపుల మధ్య మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. కుడి భుజం మీద నల్లటి జింకతోలు పరుచుకుని వక్రజిహ్వుడు కూర్చున్నాడు. కింద రాతిపలక మీద, కొయ్యకు కట్టిన వసునందుడు. తిండి లేక చిక్కి సగమయ్యాడు, మొహంలో మాత్రం చిరాకు తప్ప భయం లేదు.

సర్వకాయుడు చేతులు జోడించాడు. మైదానంలో అన్ని చేతులూ జోడయ్యాయి, అందరి నోళ్లూ మూతపడ్డాయి. భటుల చేతుల్లోంచి ఈటెలు జారిపడ్డాయి, వాళ్లూ ముద్ద పెట్టినవాళ్లే మరి. మైదానం మధ్య కొయ్య స్తంభానికి వేలాడుతున్న అగ్గి తప్పెట పక్కన కురంగి చేతులు జోడించి నిలబడింది.

వక్రజిహ్వుడు గొంతు సవరించుకున్నాడు. వాడికి మంత్రాల కంటే ఉపన్యాసాలంటే ఇష్టం.

“మహాజనులారా! మీ తాతలు అడవిలో ఒకరి గొంతు ఒకరు కొరుక్కుంటూ బతికారు. కునుకు తీస్తే మళ్లీ లేస్తామో లేదో తెలియని బతుకు. ఆ భయంతో తమ బలమంతా ముద్దచేసి ఒక్కడి చేతిలో పెట్టారు. ఇచ్చింది ఇచ్చిందే. దానమిచ్చిన ఆవును మనవలొచ్చి తిరిగి అడుగుతారా? వసునందా, ఏమంటావు?”

“ఆవును ఇచ్చినమాట నిజమే,” అన్నాడు వసునందుడు. “తమ ఆవును ఇచ్చారు. పుట్టబోయే మనవడి పీకను ఎలా ఇస్తారు? అది వాళ్లదా? ఇంటికి కాపలా కుక్కను తెచ్చుకున్నవాడు పసివాణ్ణి కరవమని తెచ్చుకుంటాడా?”

“ఏ శాస్త్రంలో ఉంది ఆ ధర్మం? చూపించు!”

“ఏ శాస్త్రంలోనూ లేదు. రాజు రాయలేదు, నేనూ రాయలేదు. రాజులు పుట్టకముందు కూడా బతికున్నవాణ్ణి గోడలో పెట్టి కట్టడం తప్పే. దేవతలందరూ కలిసి ఒక పూట నిద్రపోయారనుకో, ఆ పూట కూడా తప్పే. దీనికి చదువక్కర్లేదు వక్రజిహ్వా. చదువుకున్నవాళ్లకే ఎవరైనా గుర్తుచెయ్యాలి.”

“ఎవడి న్యాయం వాడు చెప్పుకుంటే పొద్దుగూకేసరికి ఈ ఊరు వల్లకాడవుతుంది!”

“కావచ్చు. ఆ భయం నాకూ ఉంది, లేదనను. కాని చలి జ్వరానికి మందని చెప్పి మనిషిని పాతిపెడతావా?”

మహారాజుకు ఆకలేస్తోంది. “చాలు చాలు. వసునందా, ఒక్క మాట అనేసెయ్. రాజు మాటే ధర్మమను. నీ పదవి నీకిస్తాను, ఇంటికి పెంకులు కూడా వేయిస్తాను.”

“క్షమించాలి ప్రభూ. అబద్ధమాడితే నాకు ఎక్కిళ్లొస్తాయి. చిన్నప్పటి జబ్బు.”

రాజు చెయ్యి ఊపాడు. సర్వకాయుడి కుడికాలు నేల విడిచి లేచింది.

సరిగ్గా అప్పుడు పడమటి గాలికి కాలిన తాటాకు వాసన వచ్చింది.

ముందు ముక్కులు కదిలాయి. తర్వాత తలలు తిరిగాయి. ధర్మాధికారి ఇంటి కప్పు మీద పొగ సుడి తిరుగుతోంది, ఆ వెంటనే చూరు పట్టుకుని మంట పైకి పాకింది. జోడించిన చేతులు అన్నీ విడిపోయాయి. ఎవరూ విడదియ్యలేదు, అవే విడిపోయాయి. కురంగి ఒక్క గెంతు గెంతి కర్ర అందుకుని అగ్గి తప్పెట మీద బాదింది. డబడబడబ! డబడబడబ!

“అగ్గి! అగ్గిరో!”

మైదానం పుట్ట పగిలినట్టు కదిలింది. క్షణంలో దోటీలు అడవిలా లేచాయి. నీళ్ల కుండలు చేతులు మారాయి. భటులు ఈటెలు తన్నేసి నిచ్చెనలు ఎత్తుకున్నారు. సగం మీసంతో సేనాపతి స్వయంగా కురంగి పక్కింటి కప్పెక్కి తాటాకులు పీకి పారేస్తున్నాడు. కాలు ఎత్తి ఒంటికాలి మీద నిలబడిన సర్వకాయుడికి ఆ క్షణంలో బలమిచ్చేవాడు ఒక్కడూ లేడు. వాడు తూలాడు, ఎత్తిన కాలు పలకకు పక్కన దబ్బున దించాడు, భుజం మీద అంబారీ పక్కకు ఒరిగింది. మహారాజు అంబారీ స్తంభాన్ని కౌగలించుకున్నాడు.

వసునందుడికి కాపలా ఉన్న తలారి పేరు బండెన్న. కొండంత మనిషి, బుర్ర తక్కువ, అలవాట్లు ఎక్కువ. అగ్గి అని వినగానే వాడు గండ్రగొడ్డలి తీసి, “కట్టేసినోణ్ణి ముందు ఇప్పాల,” అని తనకు తానే చెప్పుకుంటూ వసునందుడి తాళ్లు ఠపీమని నరికేశాడు. నరికాక నాలుక కరుచుకున్నాడు. ఎవరి తాళ్లు నరికాడో అప్పటికి తట్టింది.

“నాన్నగారూ, పరుగెత్తండి!” అని కురంగి అరిచింది. వసునందుడు లేవబోయాడు. రోజుల తరబడి సంకెళ్లలో ఉన్న కాళ్లు నిలవలేదు, పలక మీదే కూలబడ్డాడు.

పైన వక్రజిహ్వుడు తేరుకున్నాడు. సంచిలోంచి తిమింగలం ఎముక తీసి, నుదుటికి తాకించి, ఆకాశంకేసి మూడు వంకర గీతలు గీశాడు. చందన వనాల మీంచి గేదెలాంటి నల్లమబ్బు ఒకటి పరుగు పరుగున వచ్చి కురంగి ఇంటి మీద నిలబడి కుండపోతగా కురిసింది. ఊరంతా ఎండ కాస్తుంటే ఆ ఒక్క ఇంటి మీదే వాన! మంట బుస్సుమని ఆరిపోయింది. ఇంటి స్థానంలో నాలుగు నల్లటి గోడలు, ఆవిరి మిగిలాయి.

అగ్గి ఆరిందంటే అగ్గివేళ అయిపోయినట్టే. దోటీలు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. నిచ్చెన మీదివాడు నిచ్చెన మీదే, కుండ ఎత్తినవాడు కుండతోనే. సర్వకాయుడి ఒంట్లోకి బలం గుడగుడ శబ్దంతో తిరిగొచ్చింది. వాడి కుడికాలు మళ్లీ లేచింది. ఈసారి గురి తప్పేలా లేదు. ఆ పాదం నీడ వసునందుడి మీద పడింది.

ఊళ్లో స్వేచ్ఛగా కదిలేవాడు ఒక్క మకరాంకుడే. వాడు కాలిన ఇంటి వెనకనుంచి పాముల బుట్ట చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, సర్వకాయుడి మడమ పట్టుకుని, ముద్ద మీద ముద్ద మెట్లలా ఎక్కుతూ పైకి పాకాడు. నడుము దాటాడు, భుజం అందుకున్నాడు, బుట్ట తెరిచి వక్రజిహ్వుడి ఒళ్లో బోర్లించాడు. తాచు బుసకొట్టి పడగ విప్పింది. మాంత్రికుడు కెవ్వున అరిచి ఎముక విసిరికొట్టాడు. పాము ఎముకై, ఎముక పామై, ఆ పాము యువరాజు కాలికి చుట్టుకుంది. ఇద్దరూ కలబడి ఆ కుడి భుజం మీద దొర్లుతున్నారు. పాదం మాత్రం దిగుతూనే ఉంది.

తప్పెట దగ్గర కురంగి చేతిలో కర్ర బిగుసుకుపోయింది. తండ్రి మొహం కనిపిస్తోంది. ఆయన తలెత్తి పాదంకేసి చూడడం లేదు, తనకేసి చూస్తున్నాడు. ఆ చూపు చూడగానే ఆమెకు ఒళ్లంతా కాలింది. చెయ్యి తనంతట తనే లేచింది. డబడబడబ!

జనంలో గగ్గోలు పుట్టింది. అగ్గి లేకుండా తప్పెట కొట్టడం ఆ ఊళ్లో దొంగతనం కంటే నీచం. కొట్టినవాళ్ల ఇంటి కప్పు ఊరంతా కలిసి పీకేస్తుంది. బిగుసుకున్న నోళ్లలోంచి కూడా తిట్లు బయటపడ్డాయి.

“ఏమ్మా! ఎక్కడే అగ్గి?” అని పక్కింటి కప్పు మీదినుంచి సేనాపతి గద్దించాడు. “అబద్ధపు తప్పెట కొడతావా? కప్పు లాగించేస్తాను!”

“లాగండి, కప్పుంటే కదా!” అని కురంగి అరిచింది. “అగ్గి ఎక్కడా? కళ్లు లేవా మీకు? అదిగో, ఆ కాలి కింద! నిన్న చెంచయ్య మీద పడింది, ఈ రోజు మా నాన్న మీద పడుతోంది. రేపు ఎవరి చూరు మీద పడుతుందో మీరే చెప్పండి! ప్రాణం మీదికొచ్చింది అగ్గి కాక పన్నీరా?”

జనంలోంచి బయ్యమ్మ అవ్వ గొంతు వినిపించింది. మొదట అది మాటో ఏడుపో తెలియలేదు.

“నా బిడ్డ గోడలోంచి అరిచాడు,” అంది అవ్వ. “సున్నం పూసేదాకా అరుస్తానే ఉన్నాడు. నేను దండం పెట్టుకుని నిలబడ్డా. చేతులు ఇడిపోలా. ఆ పొద్దు నాకు తెలవలా, అది అగ్గేనని. ఇప్పుడు తెలిసింది.”

అవ్వ చేతిలో దోటి కదిలింది. ఆవిడ పలక దగ్గరికి పరుగెత్తింది, ముసలి చెయ్యి పైకి లేచింది, కొక్కెం సర్వకాయుడి మడమకు తగులుకుంది.

“రండ్రా! కాలే కాలు ఆపండ్రా!”

ఆ పక్కవాడి చెయ్యి వదులైంది. వాడి తమ్ముణ్ణి కోట కందకంలో పూడ్చారు. ఇంకొకామె చెయ్యి వదులైంది. ఆమె కూతురిని అంతఃపురానికి ఈడ్చుకుపోయారు. ఎవరి అగ్గి వారికి గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చిన చెయ్యల్లా లేచింది. కొక్కేలు ఖణఖణమంటూ పాదానికీ పిక్కకూ మోకాలికీ తగులుకున్నాయి. బండెన్న గొడ్డలి పారేసి నాలుగు దోటీలు ఒక్కడే పట్టుకున్నాడు. దిగుతున్న పాదం వసునందుడి తలకు మూరెడు ఎత్తులో ఆగిపోయింది.

కాని ఆపడం వేరు, తియ్యడం వేరు. పాదం ఆగిందే తప్ప పక్కకు జరగలేదు. పలక మీద ముసలాయన పాకలేకపోతున్నాడు. ఆయన్ను లాగడానికి ఎవరైనా దోటి వదిలితే పాదం దిగిపోతుంది. ఒక్క మట్టికాలి మీద అంత మనిషీ నిలబడి ఊగుతున్నాడు, జనంవైపే ఊగుతున్నాడు.

భుజం మీద యువరాజును మోకాలి కింద అదిమిపెట్టి వక్రజిహ్వుడు కిందికి వంగాడు. వాడికి నవ్వొస్తోంది.

“మూర్ఖులారా! లెక్క చూసుకోండి! మీరు వదిలేస్తే ఒక్క ముసలాడు చస్తాడు, సర్వకాయుడు రెండు కాళ్ల మీద నిలబడతాడు, మీ ఊరు మీకుంటుంది. లాగారో, ముసలాడు బతుకుతాడు, వీడు మాత్రం మీ మీదే పడతాడు. మీ తాతల మట్టి కిందే మీరు సమాధైపోతారు. వీడు లేని రోజు మీరెవరూ బతికుండరు!”

అంబారీలోంచి మహారాజు కూడా అందుకున్నాడు. “వదలండి నాయనలారా! అందర్నీ క్షమిస్తాను! శిస్తులు తగ్గిస్తాను! నేను పడిపోతానర్రా!”

వెనకవరసలో కొందరి పట్టు సడలింది. పాదం జానెడు దిగింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఇంటిదగ్గర పిల్లలున్నవాళ్లు.

వసునందుడు తలెత్తి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు. “వాడు చెప్పిన లెక్క నిజమే! వదిలెయ్యండి! నా కోసం ఊరు పోగూడదు. కురంగీ, చెప్పు తల్లీ వాళ్లకు!”

అందరూ కురంగికేసి చూశారు. ఆమెకు లాగండి అని అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది. అడిగితే వాళ్ల ప్రాణాలు తను ముద్దచేసి వాడుకున్నట్టే. ఆమె తప్పెట కర్ర కింద పారేసి, నేల మీద ఎవరో వదిలిన దోటి ఎత్తి, సర్వకాయుడి మోకాలికి తగిలించింది.

“నేను మా నాన్నను వదల్ను,” అంది. “మీ చేతులు మీవి. ఉండేవాళ్లు ఉండండి, పోయేవాళ్లు పొండి. పోయినవాళ్లను నేను ఒక్క మాట అనను. ఎవరినీ అననివ్వను.”

ఎవరో ఇద్దరు పోయారు. మూడోవాడు నాలుగడుగులు వేసి, నెత్తి గోక్కుని, తిరిగొచ్చాడు. కప్పు మీదినుంచి సేనాపతి దిగి, మిగిలిన సగం మీసాన్ని వేలితో తుడుచుకుని, కురంగి వెనక నిలబడి దోటి పట్టుకున్నాడు. పైన మకరాంకుడు మాంత్రికుడి జడను పళ్లతో పట్టుకుని వేలాడుతూ, “నా సంగతి చూడకండి! కానివ్వండి!” అన్నాడు. జడ నోట్లో ఉండడం వల్ల ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, భావం మాత్రం అందింది.

బయ్యమ్మ అవ్వ దోటి చంకలో ఇరికించుకుని, కాలిన చేతిలో ఉమ్మేసుకుని, రెండు చేతులూ గట్టిగా రుద్దుకుంది. తల పూర్తిగా వెనక్కి వాల్చి ఆ ఆకాశమంత మొహంకేసి, రంగు వేసిన ఆ మీసంకేసి చూసింది.

“పడితే పడనీ,” అంది. “మా మట్టే కదా, మేం మోస్తాం. లాగండర్రా!”

లాగారు.